పన్నెండో అధ్యాయంలో తాగుబోతు

జీవమ్మ గొంతు గురించి ముందే చెప్పుకోవాలి. గుండ్లమిట్టలో నిలబడి ఆమె తన మేకను పిలిస్తే, నాలుగు మైళ్ల అవతల ఎర్రగుంట్ల స్టేషనులో కదలబోయే రైలు ఆగిపోయేది. గార్డు పచ్చజెండా ఊపుతూనే ఉంటాడు, ఇంజను మాత్రం ఎవరో రమ్మంటున్నారు చూసి పోదామన్నట్టు పొగ వదులుతూ నిలబడి ఉంటుంది. మెయిలు వచ్చే వేళకు మేకను పిలవొద్దని స్టేషను మాస్టరు రెండుసార్లు మనిషిని పంపి బతిమాలించుకున్నాడు. కావాలంటే ఆ మేకనే అడగండి.

అంత గొంతున్న మనిషి ఒక ఆదివారం ప్రార్థన గుడిలో నోరు మూసుకొని కూర్చుందంటే, ఆ రోజు జరిగింది చిన్న సంగతి కాదు.

గుండ్లమిట్ట ముప్పై ఇళ్ల పల్లె. ఆడా మగా అంతా నాపరాయి గనుల్లో బండలు కొట్టేవాళ్లే, అంతా ఏసుప్రభువును నమ్ముకున్నవాళ్లే. బడీ గుడీ ఒకటే కొట్టం. ఆరు రోజులు బడి, ఏడో రోజు గుడి. ఆ బడికి అయివారు దావీదురాజు. ముప్పై ఏళ్లవాడు, కర్నూలులో చదివి వచ్చినవాడు, మంచివాడే. పందొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం ఎండాకాలం సెలవుల్లో ఆయనకు నవల రాయాలని బుద్ధి పుట్టింది. ఆ ఏడు ఎండలు ఎట్లా కాశాయంటే, గనిలో బండ మీద పిండిముద్ద తట్టి పక్కకు తిరిగి తుమ్మేలోగా జొన్నరొట్టె అయ్యేది. అంత వేడిలో అయివారి తల లోపల కూడా ఏదో ఒకటి కాలి ఉంటుంది.

నవల ఎట్లా రాయాలో ఆయన కర్నూలులో నేర్చుకొని వచ్చాడు. నవలలో ఆరు రకాల మనుషులుండాలట. ధీరుడు, దుష్టుడు, సాధ్వి, గయ్యాళి, తాగుబోతు, నవ్వించేవాడు. ఆ ఆరు పేర్లూ కాగితం మీద రాసి బడిలో తన బల్ల పక్క గోడకు అంటించుకున్నాడు. రకానికి ఒక మనిషి కావాలి కదా, ఎక్కడికి పోతాడు? కిటికీలో నుంచి చూస్తే పల్లె కనిపించింది.

వారానికి ఒక అధ్యాయం రాసి, ఆదివారం ఆరాధన అయిపోయాక చదివి వినిపించేవాడు. పల్లెలో చదువు వచ్చినవాళ్లు ఇద్దరే. ఒకరు అయివారు, ఇంకొకరు సంఘం పెద్ద సుందరం. మిగిలినవాళ్లంతా చెవులతో చదువుకునేవాళ్లే. ఊకొట్టడానికి ప్రేమయ్యను ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్లు. ప్రేమయ్య ఊఁ అంటేనే కథ కదులుతుంది, లేకపోతే అయివారి నోరు ఆడదు. సంతోషానికి ఒక ఊఁ, దుఃఖానికి ఒక ఊఁ, దొంగ గోడ దూకేటప్పుడు ఒక ఊఁ, ఇట్లా ఆయన దగ్గర పదిహేడు రకాల ఊఁలు ఉండేవి.

మొదటి వారంలోనే ఎవరు ఎవరో అందరికీ తెలిసిపోయింది. విశ్వాసమ్మను సాధ్విని చేశాడు అయివారు. నవలలో ఆమె తల ఎత్తి నడవదు. అది విన్న విశ్వాసమ్మ ఆ మర్నాటి నుంచి నిజంగానే తల వంచుకొని నడిచింది, మూడు గుంజలకు తగిలి నొసట మూడు బొప్పులు కట్టించుకుంది. ధీరుడు సత్యానందం అంటే సుందరమే. తెల్ల తలపాగా, కోర మీసం, నిదానమైన మాట, అన్నీ ఆయనవే. వారం వారం సుందరం తలపాగా ఒక చుట్టు పెరిగింది. ఎనిమిదో అధ్యాయానికి ఆయన గుడిలోకి వంగి రావలసి వచ్చింది.

జీవమ్మ గయ్యాళి. నవలలో పేరు చండమ్మ. ఆమె నోరు తెరిస్తే కాకులు ఊరు విడిచి పోతాయని రాశాడు అయివారు. అది చదివినప్పుడు ఆడవాళ్లంతా బిక్కుబిక్కుమంటూ జీవమ్మ వైపు చూశారు. జీవమ్మ మాత్రం పడీపడీ నవ్వింది.

"కాకులేనా అయివారూ? గద్దలను గూడా రాసుకో. నా నోరు పెద్దదే, దాంట్లో అబద్దమేముండాది!"

అట్లా పదకొండు ఆదివారాలు నవ్వుతూ గడిచాయి. పన్నెండో ఆదివారం నవలలోని తాగుబోతు మత్తయ్య చచ్చిపోయాడు.

మత్తయ్యకు ఎడమకాలు కుంటు. నీలం తలగుడ్డ కట్టుకుంటాడు. ఈల వేస్తూ నడుస్తాడు. పదకొండు వారాలూ అతణ్ని చూసి జీవమ్మకు కడుపు నిండేది. అచ్చం తన మొగుడు దాసన్నే. తొమ్మిదేళ్ల కిందట పోయిన మనిషి ఆదివారం ఆదివారం తిరిగి వచ్చి ఈల వేసినట్టుండేది. తాగుతాడని రాస్తే రాయనీ, తాగేవాడే కదా.

పన్నెండో అధ్యాయంలో ఒక బావి వచ్చింది. పెద్ద ఈరన్న పొలంలోని బావే అది, పేరు రాయలేదంతే. మూడేళ్లు వాడని బావి. పూడిక తియ్యడానికి ఒక కూలివాడు దిగి, అడుగున చెడుగాలి తగిలి పడిపోయాడు. అప్పుడు ధీరుడు సత్యానందం నడుముకు మోకు కట్టుకొని, ప్రభువును తలుచుకొని, బావిలోకి దిగి ఆ కూలివాణ్ని పైకి తెచ్చాడు. ఆ గందరగోళంలో మత్తయ్య తాగి తూలుతూ వచ్చి, కాలు జారి, అదే బావిలో పడి చచ్చాడు. తాగుబోతు బతుకు ఇట్లా ముగిసిందని అయివారు గొంతు తగ్గించి చదివాడు.

"ఊఁ," అన్నాడు ప్రేమయ్య. దుఃఖానికి వాడే ఊఁ.

జీవమ్మ ఏమీ అనలేదు. లేచి, కొంగు దులుపుకొని, ఇంటికి పోయింది. ఆ సాయంత్రం ఆమె మేకను కూడా పిలవలేదు. మేక భయపడి తనంతట తానే వచ్చింది.

ఎందుకంటే తొమ్మిదేళ్ల కిందట ఆ బావిలోకి దిగింది సుందరం కాదు. దాసన్న దిగాడు. అడుగున పడిపోయిన కూలివాడు ప్రేమయ్య, అతణ్ని పైకి పంపింది దాసన్న. తిరిగి రానిది దాసన్న.

సోమవారం గనిలో బండలు మోస్తూ విశ్వాసమ్మ తల వంచుకునే అంది. "అక్కా, దాసన్న ఆ పొద్దు కొంచెం తాగుండె గదా? కాలు జారిందో ఏమో, ఎవురు జూసినారు?"

"నేను జూసినా. నువ్వూ జూసినావు. నా పక్కనే పూడిక గంప ఎత్తుకోని నిలబడుంటివి."

"నిలబడుంటినా? శానా నాల్లాయ గదక్కా. పుస్తకంలో అట్లా రాసినాడు గదా అని..."

జీవమ్మ తలమీది బండను కింద పడేసింది. అది మూడు ముక్కలైంది. ఒక్క రోజు! ఒక్కసారి చదివితేనే పక్కన నిలబడి చూసిన ఆడది చూసింది మరిచిపోయింది! ఇక ఈ పుస్తకం అచ్చయి ఊరూరా తిరిగితే? వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కాగితాలన్నీ క్రైస్తవ మిషను వాళ్ల బండిలో దొరసాని బంగళాకు పోతాయని, ఆమె చదివాక అచ్చుకు పోతాయని అందరికీ తెలుసు. నలభై పల్లెల బళ్లలో చదువుతారట. అందులో బద్వేలు కూడా ఉంది. జీవమ్మ కూతురు రాహేలమ్మ కాపురం బద్వేలులో. మా తాత బావిలో దిగి మనిషిని కాపాడినాడు అని ఆ ఇంట్లో పిల్లలు చెప్పుకుంటారు. దాసన్న వాళ్లకు మిగిల్చిపోయిన ఆస్తి ఆ ఒక్క మాటే. రేపు ఆ పిల్లలే పుస్తకం తెరిచి, కుంటికాలు, నీలం తలగుడ్డ, ఈల, అన్నీ తాతవే చదివి, చివర్న తాత తూలిపడి చచ్చాడని చదువుకుంటారు.

మధ్యాహ్నం జీవమ్మ పని వదిలేసి, చేతుల సున్నం దుమ్ము కూడా కడుక్కోకుండా బడికి పోయింది.

"అయివారూ, బాయిలో పడి సచ్చినోడు మా ఇంటాయనేనా?"

దావీదురాజు కలం పక్కన పెట్టాడు. "కాదు జీవమ్మా. వాడు మత్తయ్య. నేను కల్పించిన మనిషి."

"కల్పించినోనికి మా ఆయన కుంటికాలు యాల పెట్టినావప్పా? ఇంగో కాలు దొరకల్యా?"

"పోలికలు పల్లెలో నుంచి తీసుకున్నాను. నవల రాసేవాళ్లంతా అట్లాగే తీసుకుంటారు."

"పోలికలు తీస్కున్నావు సరే. సేసిన పని తీసి సుందరన్నకు యాల ఇచ్చినావు? అడిగినాడా ఆయన?"

అయివారు గోడమీది కాగితం చూపించాడు. ఓపికగా, పిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు చెప్పాడు. "చూడమ్మా. నవలలో ధీరుడని ఒకడుంటాడు. మంచిపని వాడు చెయ్యాలి. తాగుబోతని ఒకడుంటాడు. వాడు చెడిపోవాలి. తాగుబోతు పోయి మనిషిని కాపాడితే వినేవాళ్లు ఏమనుకుంటారు? తాగినా ఫరవాలేదనుకుంటారు. నవల మనుషుల్ని బాగుచెయ్యాలి కదా."

జీవమ్మ ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది. ఆమెకు అక్షరాలు రావు. ఆరు నల్ల చీమల బారులు కనిపించాయంతే.

"బండకైతే కొలతబెట్టి మూలలు కొట్టి చదరం చేస్తాము. చదరంగా లేకుంటే బండిలో పేర్చేదానికి రాదు. మనిషికి గూడా మూలలు కొడతావా అయివారూ? నీ బండిలో మా ఆయన పట్టల్యా?"

"నీకు అర్థం కాదు జీవమ్మా."

"నాకు అర్తమైంది కాబట్టే వస్తి. అర్తం కానోల్లు గుడిలో కూచోని ఊఁ కొడతాండారు."

"పుస్తకం పూర్తయింది. ఇప్పుడు ఒక ఇటుక తీస్తే గోడంతా పడుతుంది."

"పడనీ! మా ఆయన్ని అడుక్కేసి కట్టిన గోడ పడితే నాకేం నొప్పి?"

ఆ కేకకు బడి కప్పుమీద నిద్రపోతున్న పిల్లి లేచి కమలాపురం దాకా పరిగెత్తిందట. అయివారు మాత్రం కలం చేతిలోకి తీసుకొని, ఆమె వెళ్లేదాకా తల ఎత్తలేదు.

అక్కడి నుంచి సుందరం ఇంటికి పోయింది. సుందరం అరుగుమీద కూర్చొని తలపాగా చుట్టుకుంటున్నాడు. ఆమెను చూసి చుట్టడం ఆపాడు.

"అన్నా, ఆ పొద్దు బాయిలో దిగింది నువ్వా?"

"నేను దిగినానని నేను యాడ జెప్పినా జీవమ్మా?"

"దిగలేదని యాడ జెప్పినావు?"

సుందరం చేతిలోని గుడ్డ కొసను చూసుకున్నాడు. "కత గదమ్మా. కతలో ఎవురు దిగితే ఏముండాది..."

"ఏమీ లేకుంటే తలపాగా ఎందుకన్నా పెరుగుతాండాది?"

ఆయన ఆ కొసను చుట్టులోకి దోపుకున్నాడు. ఆమె ఆగలేదు.

ప్రేమయ్య వేపచెట్టు కింద బుట్ట అల్లుతున్నాడు. బావి సంగతి తర్వాత అతని రొమ్ము గనిపనికి పనికిరాకుండా పోయింది. ఈ తొమ్మిదేళ్లలో పెళ్లయింది, ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. జీవమ్మను చూసి లేవబోయాడు.

"కూచోరా. నువ్వెట్లా ఊఁ అంటివో చెప్పు."

"వొదినా, అలవాటుగా వచ్చేసింది..."

"అలవాటా? నీకు ఊపిరి ఇచ్చిన మనిషిని తాగుబోతు సావు సంపుతా ఉంటే, ఆ ఊపిరితోనే ఊఁ అంటావా?"

ప్రేమయ్య బుట్టలోని పుల్లను పీకి మళ్లీ దూర్చాడు. "నేను తెలివి లేకుండా ఉంటి వొదినా. ఎవురు దిగినారో నా కండ్లతో జూడల్యా. కండ్లు తెరిస్తే సుందరన్న మొగమే కనపడె. మీరంతా దాసన్న దిగినాడంటే ఔననుకుంటి. ఇప్పుడు అయివారు పుస్తకంలో రాసె... పుస్తకం అబద్దం చెప్తాదా?"

జీవమ్మకు ఒళ్లంతా మండిపోయింది. కొట్టేదే. కానీ ఆ రొమ్ము ఎగసిపడటం చూస్తే చెయ్యి రాలేదు. దాసన్న చేతుల మీదుగా పైకి వచ్చిన రొమ్ము అది. దాన్ని ఎట్లా కొడుతుంది?

ఆదివారం వచ్చింది. గుడి ఆవల మిషను బండి నిలిపి ఉంది, ఎద్దులు గడ్డి నములుతున్నాయి. కాగితాలన్నీ ఎర్రగుడ్డలో మూటకట్టి అయివారు బల్లమీద పెట్టుకున్నాడు, కలమూ సిరాబుడ్డీ పక్కనే ఉన్నాయి. పాటలయ్యాయి. ప్రసంగమయింది. చివరి ప్రార్థనకు ముందు సాక్ష్యం వేళ.

ఆ పల్లెలో సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. ఎవరైనా లేచి తమకు జరిగింది చెప్పుకోవచ్చు. లేచినవాళ్లు ఆమెన్ అనేదాకా ఎవరూ అడ్డు రాకూడదు, ఎవరూ కొట్టం దాటి పోకూడదు, పెద్ద కూడా చివరి ప్రార్థన ఎత్తుకోకూడదు. ఒకసారి ఒకాయన తన ఎద్దు తప్పిపోయిన సంగతి సాక్ష్యం చెప్పి, ఆమెన్ అనడం మరిచి అట్లాగే నిలబడ్డాడు. పల్లెంతా పొద్దు వాలేదాకా కూర్చుంది. ఆఖరుకు ఆ ఎద్దే విసుగెత్తి ఇల్లు చేరి, అక్కడి నుంచి గుడికి వచ్చి, ఇక చాల్లే పదమని ఆయన పంచె పట్టి లాగింది.

జీవమ్మ లేచింది.

"నేను సాక్ష్యం జెప్తా," అంది. గొంతు పెద్దగా లేదు. అందుకే అందరూ ముందుకు వంగారు.

"ఆ పొద్దు మా ఆయన తాగినాడు. పొద్దున్నే ఒక చెంబు ఈతకల్లు తాగి ఈల యేసుకుంటా వస్తే, నేను చీపురుతో కొడితి. రెండు దెబ్బలు గట్టిగానే తగిలె. ఇద్దరమూ పెద్ద ఈరన్న బాయికాడికి పనికి పోతిమి. నేను పైన గంపలు మోస్తాంటి. ప్రేమయ్య ముందు దిగె. ఒక్క గంప వచ్చె. రెండోది రాలేదు. పిలిస్తే పలకల్యా. దీపం దించి గాలి చూసుండాల్సింది, చూడల్యా. అది అందరి తప్పు. పైన ఆరుమంది మగోల్లుండారు. సుందరన్న నడుముకు మోకు కట్టుకునె, విప్పె, మల్లా కట్టుకునె. నాకు ఆరుగురు పిల్లోల్లుండారు అనె. నేనైనా అదే మాట అందును. దాంట్లో తప్పు లేదన్నా."

సుందరం నేలను చూస్తున్నాడు.

"అప్పుడు మా ఆయన మోకు తీస్కోని ఏమన్నాడో తెల్సా? 'కూతురు కాపురానికి పాయె, నాకింగ ఉండేది ఒక్క పెండ్లాము, అది గూడా పొద్దున చీపురుతో కొట్టె' అన్నాడు. అని నగినాడు. నగతానే దిగినాడు. తాగినోడే దిగినాడు. కల్లు వాసన నాకు ఇప్పుడు గూడా వస్తాంది. ప్రేమయ్యను మోకుకు కట్టినాడు. జారకుండా ఉండాలని తన తలగుడ్డ విప్పి రొమ్ముకు బిగించినాడు. వీల్లు లాగినారు. ప్రేమయ్య వచ్చినాడు. మోకు మల్లా యేసినారు. వట్టి మోకు వచ్చె. మల్లా యేసినారు. వట్టి మోకే. మూడోసారి గూడా..." ఆమె ఆగింది. "తూలిపడి సచ్చినాడంట! కాలు జారిందంట! అయివారూ, ఆ మోకు మూడుసార్లు వట్టిదే రావడం నువ్వు జూసినావా? నేను జూసినా."

ముందు వరసలో ప్రేమయ్య ఏదో అనబోయి దగ్గాడు. దగ్గు ఆగాక మాట వచ్చింది.

"నీలం గుడ్డ," అన్నాడు. "సుందరన్న మొగం కనపడిన మాట నిజమే. నా రొమ్ముకు మాత్రం నీలం గుడ్డ బిగించుండె. దాన్ని విప్పేదానికి కత్తి తెచ్చిరి. నేనెట్లా మరిచిపోతి వొదినా? నేనెట్లా ఊఁ అంటి?"

తల మోకాళ్లలో పెట్టుకొని ఏడ్చాడు. వెనక ఆడవాళ్లు కూడా ముక్కులు చీదారు. విశ్వాసమ్మ పన్నెండు వారాల తర్వాత తల ఎత్తి చూసింది.

"ఇంగ ఆమెన్ అను తల్లీ," అన్నాడు వెనక నుంచి ఒక ముసలాయన మెల్లగా.

"అనను. అది మారిందాకా అనను."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి పొద్దు నెత్తిమీదికి వచ్చింది. ఇళ్లల్లో సంగటి కుండలు పొయ్యిమీదే ఉన్నాయి. మేకలు అరుస్తున్నాయి. జీవమ్మ నిలబడే ఉంది. కొట్టంలో ఎన్ని పొట్టలు కూశాయంటే, దారిన పోయేవాళ్లు లోపల కప్పలు పెంచుతున్నారేమో అనుకున్నారు. మిషను బండివాడు రెండుసార్లు తొంగిచూసి, సంగతి తెలుసుకొని, ఎద్దులను విప్పేశాడు.

అయివారు చివరికి లేచాడు. చొక్కా తడిసిపోయింది. "సరే జీవమ్మా. నేను ఒప్పుకుంటున్నాను. మత్తయ్యే దిగుతాడు. పదకొండో అధ్యాయంలో చిన్న మార్పు చేస్తాను. ముందురోజు మత్తయ్య సీసా పగలగొట్టి, మారుమనసు పొంది, ప్రార్థన చేసుకుంటాడు. మర్నాడు బావిలో దిగుతాడు. అందరికీ బాగుంటుంది."

చాలామందికి అది నచ్చింది. తలలు ఊగాయి. సంగటి కళ్లముందు కదిలింది. సుందరం కూడా, "ఒప్పుకోమ్మా, బాగనే ఉండాది గదా," అన్నాడు.

జీవమ్మ గొంతు అప్పుడు లేచింది. కప్పుమీది బోద గడ్డి లేచి మళ్లీ కూర్చుంది.

"మారలేదు! మా ఆయన మారలేదు! మారాల్నని నేను ఇరవై ఏండ్లు కొట్టినా, మారలేదు. మారకుండానే దిగినాడు. మంచోడు కావాలంటే ముందు మీ మాదిరి కావాల్నా? కాకుంటే సేసిన పని సేసినట్టు గాదా? తాగుతాడని రాయి. చీపురుతో కొడితే తిన్నాడని రాయి. అయినా దిగినాడని రాయి. ఒక్కటి గూడా తియ్యొద్దు, ఒక్కటి గూడా కలపొద్దు."

"అట్లా రాస్తే అతను ఏ రకం మనిషో ఎవరికీ తెలియదమ్మా!" అన్నాడు దావీదురాజు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగా దారి తప్పినవాడిలా అడిగాడు.

"నాకు మాత్రం తెల్సా అప్పా? ఇరవై ఏండ్లు కాపురం జేసినా."

అయివారు మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాడు. తర్వాత మూట విప్పి, పన్నెండో అధ్యాయం కాగితాలు నాలుగూ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. తెల్లకాగితం తీసుకొని, కలం సిరాలో ముంచి రాయడం మొదలుపెట్టాడు. మధ్యమధ్య తల ఎత్తి ఆమెను అడిగాడు. గంప ఎంతది, మోకు ఎంత పొడుగు, ఈల ఎట్లా వేసేవాడు. ఆమె చెప్పింది. ఈల మాత్రం ప్రేమయ్య వేసి చూపించాడు, దగ్గుతూ. పొద్దు పడమటికి వాలింది. ఎవరూ లేవలేదు.

రాయడం అయ్యాక అయివారు చదవబోయాడు. జీవమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు గాదు. నువ్వు రాసినావు, నువ్వే సదివితే నాకెట్లా తెలుస్తాది లోపల ఏముండాదో? సుందరన్న సదవాల."

గుసగుసలు లేచాయి. ఇదెక్కడి తెలివి? చదువు వచ్చిన రెండోవాడు ఆయన ఒక్కడే, నిజమే. కానీ ఆ కాగితంతో పోయేది ఆయన మంచిపేరే కదా. ఆయన ఒక మాట మింగినా, ఒక మాట కలిపినా పల్లెలో పట్టుకునే మనిషి లేడు. జీవమ్మకు ఆ సంగతి తెలుసు. తెలిసే ఆయన ముందు నిలబడింది.

సుందరం కాగితం అందుకున్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మోకు కట్టుకొని విప్పిన చోటు వచ్చింది. ఆయన ఆగాడు. చదివాడు. ఆరుగురు పిల్లలున్నారని అన్న మాట చదివాడు. కల్లు చదివాడు, చీపురు చదివాడు, నవ్వు చదివాడు. ఎవరూ ఊఁ అనలేదు. అక్కర లేకపోయింది. ఆయన ఆగకుండా చదువుకుంటూ పోయాడు. వట్టి మోకు వచ్చే చోటికి ఒక వరస ముందు ఆగిపోయాడు.

జీవమ్మ ఆయన ముఖమే చూస్తోంది. ఆయన ఆ వరసను రెండుసార్లు కళ్లతో తడిమాడు. దాటేసి పోయుంటే ఆమెకు తెలిసేది కాదు.

"ఈడ ఒక మాట ఉండాదమ్మా," అన్నాడు సుందరం. "'పశ్చాత్తప్తుడై' అని."

"అంటే?"

"తాగినందుకు బాధపడి, మనసులోనే మారిపోయి, అని. బాయి అడుగున."

అందరూ అయివారి వైపు తిరిగారు. దావీదురాజు ముఖం ఎర్రబడింది. "ఒక్క మాటే కదమ్మా. దొరసాని గారు చదువుతారు... ఒక్క మాటే."

"బాయి అడుగున ఆయన ఏమనుకున్నాడో నీకెవురు జెప్పినారు? ఆడ తెలివితో ఉండింది ఆయనొక్కడే. కొట్టెయ్యి."

అయివారు వంగి కలంతో ఆ మాట మీద గీత పెట్టాడు. జీవమ్మ బల్ల దగ్గరికి వచ్చి, కాగితం మీదికి వంగి, తడి ఆరని ఆ గీతను చూసింది. మిగిలిన చీమల బారులన్నీ ఆమెకు ఒకటే. ఆ గీత కింద మాత్రం చీమలు ఇంకా కనిపిస్తున్నాయి.

"ఇంగో గీత పెట్టు," అంది. "ఒక గీతయితే కింద మాట కనపడతాంది."